ముప్పై పనిదినాలు

జూన్‌లో ప్రతి ఏడూ
థార్న్‌విక్ కౌన్సిల్ ఆఫీసు గాజుతలుపుకి
నేనే ఒక కాగితం అంటిస్తాను:
"లెక్కలు చూడగోరువారు చూడవచ్చును.
గడువు ముప్పై పనిదినాలు."
ఆరేళ్లుగా ఎవరూ రాలేదు.
టేపు ఎండి, ఓ మూల ఊడి,
ఎప్పుడో దానంతటదే రాలిపోతుంది.

ఈసారి పంతొమ్మిదో రోజున ఆమె వచ్చింది.
హెస్టర్ ప్లమ్‌రిడ్జ్. డెబ్భై నాలుగు.
ఒకప్పుడు బడి ముందు గుండ్రటి పలక పట్టుకుని
లారీలను ఆపిన చెయ్యి.
సంచిలోంచి కళ్లజోడు, రూళ్లకర్ర, అరటిపండు తీసి
బల్ల మీద పెట్టింది.
"కెనాల్ వీధి దీపాలు. ఎవరార్పారు?"

అలవాటైన జవాబే చెప్పాను:
లండన్ నుంచి గ్రాంటు తగ్గిందండీ.
వచ్చే కాస్తకీ ముందే పేరు రాసి ఉంటుంది,
గుంతల డబ్బు గుంతలకే.
పన్ను పెంచుదామంటే ఆ గీతా అక్కడే గీస్తారు.
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు మావాళ్లు,
ఇక్కడి పూజారి చేతిలో గంట తప్ప ఏమీ లేదు.

ఆమె వింది. అరటిపండు ఒలిచింది.
రూళ్లకర్రని వరస కింద వరసకి జరుపుతూ పోయి
మూడున్నరకి ఆగింది.

ఏ దీపాలు ఆర్పాలో తేల్చిన నివేదికకి
పద్దెనిమిది వేల నాలుగు వందల పౌండ్లు.
రెండు పేజీల తర్వాత,
ఆర్పినందుకు ఏటా మిగిలేది
ఏడు వేలు.
"ఇదీ లండనేనా?"

మూడేళ్లలో గిట్టుబాటవుతుందండీ, అనబోయాను.
రెండేళ్లకోసారి కొత్త నివేదిక రాయించాలని
అదే నివేదికలో ఉంది.

కాకిలెక్కలు కావవి.
ప్రతి అంకెకీ రసీదుంది,
కూడింది నేనే, రెండుసార్లు.
ఆ రెండంకెలూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి.
నేను పేజీ తిప్పాను,
అంతే.

మినిట్స్ పుస్తకం అడిగితే ఇచ్చాను.
"ఏకగ్రీవం" అని ఉంది.
తిలాపాపం తలా పిడికెడు,
పిడికిలి ఎవరిదో చెప్పని మాట.
హాజరుపట్టీ చూసి తొమ్మిది పేర్లు
కరెంటు బిల్లు వెనక రాసుకుంది.
ఏడోది ఆమె తమ్ముడిది.
పెన్ను అక్కడ కాస్త ఆగింది,
తర్వాత మిగతావాటికన్నా పెద్ద అక్షరాలు పడ్డాయి.

వెళ్తూ తలుపు దగ్గర నిలబడి
ఊడిన టేపు మూలని బొటనవేలితో అదిమింది.
"ఇంకా పదకొండు రోజులున్నాయిగా."

ఈ కాలంలో ఇక్కడ రాత్రి పదింటిదాకా వెలుగే,
దీపాల సంగతి తెలిసేది నవంబరులో.
అయినా ఇంటికి కెనాల్ వీధిమీదుగా నడిచాను,
స్తంభాలు లెక్కపెడుతూ.
పుస్తకంలో ఇరవై ఆరు.
వీధిలో ఇరవై అయిదు.
వెనక్కి తిరిగి
మళ్లీ మొదలుపెట్టాను.