మూల ఇరిగిన బండలు

నిడుజువ్వి క్వారీలో రెండు నెల్ల కూలి నిలబడిపోతే
లెక్క లేదు, బండలు తీస్కపో అన్నాడంట ఓనరు.
మూల ఇరిగినవి, పెచ్చు లేచినవి,
బేరానికి పనికిరానివి ఇరవై రెండు.
మా ఆయన ట్రాక్టర్లో తెచ్చి దొడ్లో దించినాడు,
కోపం దించినట్టు.

మూడు దినాలు వాటి మీద కోళ్లు తిరిగినాయి.
నాలుగో పొద్దు నేనే అన్యా:
మంచం కింద శెనక్కాయ మూటలు,
మంచం మీద మందుకొట్టే మిషను,
మనం యాడ పండుకునేది?
కొట్టం కడదాం.

సిలార్ సాయిబు వచ్చినాడు, రసమట్టం మర్చిపోయి.
మా అత్తకు ఎక్కించిన సెలైన్ పైపు
కడిగి దాచింటి, అదిచ్చినా.
ఆ కొసాన ఆయన, ఈ కొసాన నేను,
నడుమ నీళ్లు.
నీళ్లు అబద్ధం చెప్పవమ్మా అన్నాడు.
మా దొడ్డి నేల చెప్తాదా అంటే
అది అబద్ధం కాదు, దాని వాలు అన్నాడు.

మూరెడు లోతు గుంతలో
మొదటి బండ ఊగుతాంటే భుజం ఆనిచ్చి పట్టుకున్యా.
సాయిబు గులకరాళ్లు కుక్కి, సుత్తితో గట్టించి
వదలమ్మా అన్నాడు.
వదల్లేదు.
వదలమ్మా, నేను చెప్తాండా కదా.
వదిల్తి.
నిలబడింది.

ఇరిగిన మూలలన్నీ పైకి పెట్టించినాడు.
వరసగా మూడు మూలల కంతలు.
గాలి ఆడ్తాది, కాయకు బూజు పట్టదు అన్నాడు.
ఎవరూ ఏమీ అనలే,
అప్పటికే అందరికీ ఆకలి.
ఉగ్గాని పెడితే సాయిబు రెండు సార్లు అడిగి తిన్యాడు.

తప్పొక్కటే జరిగింది.
గొర్రును కొల్చింది మా ఆయన మూరతో,
వాకిలి పెట్టించింది నా మూరతో.
జానెడు తక్కువ.
అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా తిప్పి
ఆఖరికి బయటే ఉండిపోయింది గొర్రు.
ఎద్దులు పోయి ఏడేండ్లు,
దానికి గూడా లోపలికి పోవాలని లేదేమో.
ఇప్పుడు దాని మీద గుడ్డలారేస్తాండా.

మొన్న రాత్రి వాన.
టార్చి పట్టుకోని పోయి వచ్చినాడు మా ఆయన.
రెండు బండల అతుకు కాడ కారతాంది అన్నాడు.
ఎంత?
చెంబు పెట్టొచ్చినాలే.

చీకట్లో ఇంటాండాం.
టక్.
చాలాసేపటికి ఇంకొకటి.
టక్.
ఓనరు లెక్క కడ్తాండాడు అన్నాడు ఆయన.
నగు ఆపుకోలేక
నేను దుప్పటి నోట్లో కుక్కుకున్యా.