గాలి మాటలు

నా పని గాలిని కొలవడం.
వినగానే జనం నవ్వుతారు,
పన్నులవాడికన్నా నయం అనుకుంటారు కాబోలు,
కాఫీ పోస్తారు.

కయానీ పట్నం. ఫిబ్రవరి. బయట సున్నాకి కింద ఇరవై ఏడు.
పింఛన్ల ఆఫీసు, మూడో అంతస్తు.
లిఫ్టు తలుపు తెరుచుకోగానే ముక్కు చెప్పేసింది:
బంగాళాదుంపలు మరిచిపోయిన నేలమాళిగ వాసన.
ముక్కు సాక్ష్యం చెల్లదు.
పెట్టె తెరిచి మీటరు బల్లమీద పెట్టాను.

మేనేజరు ఎస్కో మంచివాడే.
"కొందరికి వయసు, కొందరికి పని ఒత్తిడి,
ఒకరు దగ్గితే పక్కవాళ్ళకీ దగ్గొస్తుంది.
అంతా గాలి మాటలండీ," అన్నాడు
కిటికీ వైపు చూస్తూ,
తెరుచుకోని కిటికీ వైపు.
అతని కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.
గాలి మాటలు వినడానికే కదా నన్ను పిలిపించింది,
అందామనుకుని ఊరుకున్నాను.

గోడ పక్క బల్ల తూలిక్కిది.
మా భాషలో తూలి అంటే గాలి.
పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ.
సోమవారం పొద్దున్న ఆమెకి గొంతు ఉంటుంది,
మంగళవారానికి బొంగురు,
గురువారం నాటికి ఫోను ఎత్తడం మానేసి
చీటీలు రాసిస్తుంది.
శనివారం అడవిలో స్కీలు వేసుకుని తిరిగితే
మధ్యాహ్నానికి వచ్చేస్తుందట గొంతు,
తప్పిపోయిన పిల్లిలాగా, ఏమీ ఎరగనట్టు.

నీలం అట్ట నోటుబుక్కు చేతికిచ్చింది.
తేదీ, గంట, దగ్గు, ముక్కులో రక్తం.
మధ్యలో ఒక పేజీ నిండా అల్లిక లెక్క,
మనవడి చేతితొడుగులకు నలభై నాలుగు కుట్లు.
డాక్టరు దాన్ని తెరవలేదట.
నేను చదివాను.
నా మీటరు జ్ఞాపకం మూడు రోజులు,
ఆ పుస్తకానిది ఏడేళ్ళు.

రెండున్నరకి అంకె పద్దెనిమిది వందల నలభై.
ఇరవై రెండు మంది
ఒకరు విడిచింది ఒకరు పీలుస్తూ
ముసలివాళ్ళ లెక్కలు తేలుస్తున్నారు.
మూడింటికి పైకప్పులో చప్పుడు ఆగింది.
అందాకా చప్పుడు ఉందని అప్పుడే తెలిసింది.
"కరెంటు ఆదా," అన్నాడు ఎస్కో.
ఫ్యాను మూడింటికే పడుకుంటుంది,
మనుషులు నాలుగున్నర దాకా.

నిచ్చెన ఎక్కాను.
గాలి దిగే జాలీకి ఎవరో అట్ట అంటించారు,
నాలుగు వైపులా టేపు, ఎంత శ్రద్ధగానో.
అట్ట కాదు, మడిచిన కరపత్రం: ఆరోగ్యంగా విశ్రాంత జీవితం.
కింద నిలబడ్డ రైలి ముఖం కందిపోయింది.
"మెడమీద చలి కొడుతుంటే," అంది,
"ఎనిమిది శీతాకాలాలు ఓర్చాను."
ఎవరూ పలకలేదు.
తూలిక్కి తన శాలువా తీసి ఆమె భుజాలమీద వేసింది.
అది జాలో, దెప్పో.
దానికి నా పెట్టెలో మీటరు లేదు.

గోడకి రంధ్రం వేశాను. తడి ఉన్ని ఊడొచ్చింది.
లోపల నలుపు
వేళ్ళు చాపి, రేకులు విప్పి,
కారే పైకప్పు తప్ప
ఎవరూ నీళ్ళు పోయని తోట.

రిపోర్టులో ఒక్క మాట మార్చమన్నారు పైనుంచి,
ప్రమాదం అని ఉన్నచోట అసౌకర్యం.
మార్చలేదని చెప్పుకోవాలని ఉంది.
మొదటి పేజీలో మార్చాను.
ఏడో పేజీలో ఉంచేశాను.
ఏడో పేజీ దాకా ఎవరు చదువుతారు?

మే నెలలో వాళ్ళంతా రేకుల గదుల్లోకి మారారు.
తూలిక్కి రాలేదు.
ఇప్పుడామెకి గ్రంథాలయం పది నిమిషాలే పడుతుంది,
చర్చి అయితే ఒక్క పాట.
నవంబరులో ఆ నోటుబుక్కు తిరిగివ్వడానికి వెళ్ళాను.
లోపలికి రమ్మనలేదు, బాల్కనీలోనే కుర్చీ వేసింది.
ఆఫీసు స్వెట్టరు ఇంకా అక్కడే, తీగమీద,
గడ్డకట్టి, చేతులు బార్లా చాపుకుని.
కప్పులో పొగ మా ఇద్దరి మధ్య కాసేపు నిలిచి
ఎటో పోయింది.

"మీటరు తెచ్చారా?" అంది.
గొంతు శుభ్రంగా ఉంది.
కారులో ఉందన్నాను.
"అక్కడే ఉండనీండి."