త్రిభుజాల బల్ల

గ్రిమ్స్‌బీలో మా బడికి చేపల వాసన
ఈశాన్యపు గాలి వీచిన రోజునే వస్తుంది.
రెండో తరగతిలో ఐదు బల్లలు,
ఒక్కో బల్లకీ ఒక ఆకారం పేరు.
కిటికీ పక్కన షడ్భుజాలు,
తర్వాత పంచభుజాలు, చతురస్రాలు, వృత్తాలు,
చివర, తడి కోట్లు వేలాడే కొక్కేల కింద
త్రిభుజాలు.

ఏ బల్ల ఎందుకో పిల్లలకి ఎవరూ చెప్పలేదు.
చెప్పకూడదని మీటింగులో రాసుకున్నాం కూడా.
సెప్టెంబరు రెండో వారానికల్లా
అందరికీ తెలిసిపోయింది,
అన్నం వడ్డించే ఆవిడతో సహా.

నా కుర్చీ త్రిభుజాల దగ్గర.
టీచర్ని కాను, సహాయకురాలిని.
పెన్సిళ్లు చెక్కుతాను,
అక్షరం కింద వేలు జరుపుతాను,
"బాగా చేశావు" అంటాను.
ఆ మాట ఈ బల్ల దగ్గరే ఎక్కువసార్లు అంటానని
పిల్లలు లెక్కపెట్టారు.
లెక్కలు రాని పిల్లలు.

డెక్లన్‌ని ఐదో ఎక్కం అడిగితే
నా మొహంలోకి చూస్తాడు,
జవాబు నా కనుబొమల మీద రాసి ఉన్నట్టు.
ఓరోజు అన్నాడు:
"నాకు రాదు మిస్. నేను త్రిభుజాన్ని కదా."
ఏడుస్తూ కాదు.
తన చెప్పుల సైజు చెప్పినట్టు.

జనవరిలో బాయిలర్ చెడింది.
మా క్లాసు మొత్తాన్నీ భోజనాల హాల్లోకి పంపారు,
కోట్లతో, టోపీలతో, ముక్కు చీదుకుంటూ.
అక్కడ పొడవాటి బల్లలు. పేర్లు లేనివి.
ఎవరికి సందు దొరికితే వాళ్లు అక్కడ.
డెక్లన్ పక్కన ఉగ్నే వచ్చి పడింది,
షడ్భుజాల ఉగ్నే,
పైకి ఇంగ్లీషులో, పెదాల లోపల లిథువేనియన్‌లో
లెక్కపెట్టుకునే పిల్ల.

వర్క్‌షీట్లు లేవు.
మిసెస్ హోల్‌రాయిడ్ చుట్టూ చూసి
గోడవార పేర్చిన పాలపెట్టెలు చూపించింది.
"అవి ఎన్ని?"
"తొమ్మిది," అంది ఉగ్నే, అందరికంటే ముందు.
"పదిహేను," అన్నాడు డెక్లన్, బల్లకి చెబుతున్నట్టు.
"ఏవీ? చూపించు."
"కనబడవు. ముందు వరస రెండంతస్తులు, వెనక వరస మూడు.
కింద ఏమీ లేకపోతే
ఆ పైవి ఎలా నిలబడతాయి?
నిలువుగా చూడు. ఐదు. ఐదు. ఐదు.
మా తాత రేవులో చేపలపెట్టెలు ఇలాగే చూస్తాడు,
వేలు పెట్టడు."
ఉగ్నే లేచి వెళ్లి గోడకి చెంప ఆనించి
వెనక్కి తొంగి చూసింది.
తిరిగొచ్చి ఏమీ అనలేదు.
కొంచెం జరిగి, వాడికి దగ్గరగా కూర్చుంది.

ఐదు మూళ్లు పదిహేను.
నా నోట్‌బుక్కులో డెక్లన్‌కి ఎక్కం ఎక్కలేదు.
హాల్లో ఉన్నవాడు ఎప్పుడో దాన్ని ఎక్కి
అవతలికి దిగిపోయాడు.
ఇద్దరికీ ఒకటే కోటు, ఒకటే తెగిన జిప్పు.

తెనాలి మున్సిపల్ బళ్లో నన్ను
రెండో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మార్చారు, పొడుగని.
బోర్డు మసకైపోయింది.
కళ్లజోడు కావాలని తెలియడానికి ఏడాది పట్టింది.
ఈలోగా నేను మొద్దునయ్యాను.
మొద్దు అంటే కింద ఉన్న ఆ చెక్కేనని
ఎవరైనా ఒక్కరు అని ఉంటే.

గురువారానికి బాయిలర్ బాగైంది.
ఎవరూ చెప్పకుండానే డెక్లన్
కొక్కేల కిందికి వెళ్లి కూర్చున్నాడు.
ఆ నడక చూడలేక నేను పెన్సిళ్లు చెక్కాను,
చెక్కినవే మళ్లీ.

పాలపెట్టెల సంగతి చెప్పాను.
"మార్చి పరీక్షలయ్యాక చూద్దాం," అంది మిసెస్ హోల్‌రాయిడ్.
చెడ్డ మనిషి కాదు.
ముప్పైమంది, ఒక్కతి.

సాయంత్రం బల్లలు తుడుస్తుంటే
త్రిభుజం స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది.
గోరుతో ఇంకాస్త లేపాను.
మొత్తం పీకలేదు,
నా ఉద్యోగం అంత గట్టిగా అతుక్కున్నది కాదు.

పొద్దున వచ్చి చూస్తే
రెండో మూల కూడా లేచి ఉంది.
ఎవరి గోరో
నేను అడగలేదు.