జావ పొంగే లోపు

ప్రార్థన రోజున కలాలన్నీ పైకి లేచాయి.
విహిగా కొండ మీద, రేకుల హాలులో
రెండొందల పదిమంది ఆడపిల్లలం.
నైరోబీ నుంచి వచ్చిన పాస్టరుగారు
మైకు మింగేసేలా అరుస్తున్నారు,
ఈ కలానికి ఓటమి తెలియదని.
మేం ఆమెన్ అంటే కప్పు మీది పావురాలు లేచిపోయాయి.

నా కలం జేబులోనే ఉండిపోయింది.
మూత కొరికి కొరికి పిప్పి చేశాను,
దేవుడికి చూపించడానికి సిగ్గేసింది.

అప్పటికి పదకొండు రాత్రులు.
కళ్ళు మూస్తే చాలు మాక్ పరీక్ష బ్యూరెట్టు,
ఒక్క చుక్క పడాల్సిన చోట ధార,
ఫ్లాస్కంతా రక్తం కలిపినట్టు ఎరుపెక్కి,
లుగాలియా సారు పల్లెత్తు మాట అనకుండా
నా పేరు పక్కన సున్నా చుట్టిన చప్పుడు.

నాలుగున్నరకి మంచం దిగి
వంటశాల వైపు నడిచాను,
వెచ్చదనం కోసం, దేవుడి కోసం కాదు.
పొయ్యి ముందు, బోర్లించిన సోడా క్రేటు మీద
వంట చేసే కగేహా
ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
డ్రమ్ములో జావ ఇంకా కాగుతోంది.
ఏం చేస్తున్నావమ్మా అంటే
గడ్డంతో ఇంకో క్రేటు చూపించింది.

వాళ్ళ అమ్మమ్మ కాలంలో క్వేకర్ల మీటింగులో
ఇలాగే కూర్చునేవారట, మాటా పలుకూ లేకుండా.
"ఇప్పుడు మాకూ కీబోర్డు వచ్చిందిలే"
అంది తర్వాతెప్పుడో, కాస్త ఉక్రోషంగా.

మొదటి రోజు నా తలలో
ఆవర్తన పట్టిక మొత్తం సంతలా గోల చేసింది.
రెండో రోజు ఒట్టి ఆకలి.
మూడో రోజు కునుకు పట్టి తల గోడకి కొట్టుకుంది.
కగేహా నవ్వలేదు.
"నిద్రనీ ఆయనే కదా పంపేది" అంది.

ఏమడుగుతావు రోజూ ఆయన్ని?

"జావ మాడకుండా చూడమని అడగను.
గరిటె నా చేతిలోనే ఉందిగా.
పొంగబోయే ముందు దానికో చప్పుడుంటుంది,
అది వినబడేంత చోటు
లోపల ఊడ్చి పెట్టుకుంటాను."
అంటూనే లేచి, తెడ్డు వేసింది.
నాకేమీ వినబడలేదు.

నవంబరు వానలో ప్రాక్టికల్స్.
పక్క బల్ల దగ్గర మిదేవా పెదాలు కదులుతున్నాయి.
ఆ పిల్ల దేవుడు ఆ పిల్ల కలంలోనే ఉన్నాడేమో, ఉండనీ.
నా చేయి వణికింది. అబద్ధం చెప్పను.
వణుకుతోందని నాకు తెలిసింది, అంతే తేడా.
కుళాయి కట్టేసి
రేకుల మీద వాన విన్నాను కాసేపు.
తర్వాత ఒక చుక్క.
ఏమీ లేదు.
ఇంకో చుక్క.
వచ్చీ రానట్టు గులాబీ,
పసిబిడ్డ గోరు కింద ఉండే రంగు.

చివరికి సి ప్లస్.
పైకెత్తిన కలాల్లో ఏ గ్రేడ్లూ వచ్చాయి, డి గ్రేడ్లూ వచ్చాయి.
మా నాన్న కాగితం తిరగేసి చూశాడు,
వెనకాల ఇంకేమైనా రాసి ఉందేమోనని.

రాసి లేదు నాన్నా.
కెమిస్ట్రీ ముందు రోజు రాత్రి
గంట కొట్టినా నాకు మెలకువ రాలేదు,
మిదేవా వచ్చి భుజం పట్టి కుదపాల్సి వచ్చింది.
అది ఏ కాగితం మీదా వేయరు.