చివరి ‘ను’

త్రియెస్తే కోర్టులో నా కుర్చీకి వీపు లేదు.
జడ్జికీ ముద్దాయికీ నడుమ ఒక స్టూలు, ఒక గ్లాసు మంచినీళ్లు.
పొద్దుట్నుంచి ఐదింటిదాకా ‘నేను’ అంటూనే ఉంటాను,
అందులో ఒక్కటీ నాది కాదు.

సోమవారం మూడు సైకిళ్లు దొంగిలించాను.
మంగళవారం, మా ఆవిడ మీద ఏనాడూ చెయ్యి చేసుకోలేదు.
బుధవారం ఆ పడవ నాదే గానీ
అందులో దొరికిన సిగరెట్లు నావి కావు.
దుబాసీ ‘అతను అన్నాడు’ అనకూడదు.
అతనే అయిపోవాలి.
ఐదింటికి కోటు తొడుక్కుని మళ్లీ నీవెస్‌ని కావాలి.

మా స్లొవేనియన్‌లోనూ, వాళ్ల ఇటాలియన్‌లోనూ
‘నేను’ని విడిగా పలకనక్కర్లేదు,
క్రియ చివర అంటుకుని వస్తుంది.
చేశాను. చూశాను. ఎరగను.
ఆ చివరి ‘ను’లో, గింజంత చోటులో,
ఎవరు కాపురముంటున్నారో తెలుసుకుందామని
లుబ్లియానాలో రెండేళ్లు చదివాను.
ఫీజు కట్టలేక మానేశాను.

రాదివోయ్ మాస్టారు చలికి చేతులు రుద్దుకుంటూ చెప్పేవారు:
ఒకాయన పొయ్యి పక్కన కూర్చుని లోకాన్నంతా అనుమానించాడట,
అనుమానిస్తున్నవాడి దగ్గరికొచ్చి ఆగిపోయాడట.
(నాకు ఆ పొయ్యే గుర్తుంది. మా హాస్టల్లో బొగ్గు ఉండేది కాదు.)
ఇంకొకాయన తన ఇంట్లోకి తానే తొంగిచూస్తే
చలి ఉంది, చిరాకు ఉంది, ఉడుకుతున్న క్యాబేజీ వాసన ఉంది,
ఇంటాయనే లేడట.
జ్ఞాపకం ఎంతమేరో నువ్వూ అంతమేరే అన్నాడట మరొకాయన.
‘అయితే రాత్రి తాగి పడిపోయింది ఎవరు మాస్టారూ?’
వెనక బెంచీలోంచి ఎవడో.
తూర్పున ఎక్కడో ఒక రథాన్ని ముక్కముక్కగా ఊడదీసి
ఇందులో రథమేదని అడిగారట.
అంతలో గంట కొట్టేవారు. ఆయన బోర్డు మీది ‘నేను’ని
మోచేత్తో తుడిచేసి వెళ్లేవారు,
రోజంతా ఆ సుద్ద ఆయన చొక్కాకి ఉండేది.

గురువారం బోరా గాలి.
జనం పట్టుకు నడవడానికి వీధుల్లో తాళ్లు కట్టారు.
బోనులో మిలోయ్కా. పదకొండేళ్లపాటు
చనిపోయిన చెల్లెలి పాసు మీద సరిహద్దు దాటి వచ్చి
హోటల్ దుప్పట్లు ఉతికింది.
చెల్లెలి పేరు పిలిస్తే పలికింది.
చెల్లెలి పుట్టినరోజుకి తోటివాళ్లు తెచ్చిన కేకు కోసింది.
చెల్లెలికి పడదని వెల్లుల్లి మానేసింది.

‘నువ్వెవరు?’ జడ్జి అడిగాడు.
‘నువ్వెవరు?’ నేను ఆమె భాషలో అడిగాను.

సోడాకి పాలిపోయిన చేతులు చాలాసేపు చూసుకుంది.
‘ఉతుకుతున్నంతసేపూ తోంచ్కాని.
నిద్రపోయే ముందు మిలోయ్కాని.
సాయంత్రం మెట్లు దిగేటప్పుడు, అయ్యా, ఎవర్నీ కాను.’

నేను చెప్పాలి కదా. చెప్పాను.
‘...ఎవర్నీ కాను.’
గ్లాసులో నీళ్లు వణికాయి. గాలికే అనుకోండి.
టైపిస్టు తలెత్తి, ‘ఇది ముద్దాయి మాటా, మీ మాటా?’ అన్నాడు.
జడ్జి నవ్వాడు. హాలంతా నవ్వింది.
మిలోయ్కా మాత్రం నాకేసి చూసింది,
తప్పిపోయిన తన గుడ్డ
పరాయివాళ్ల తాడు మీద ఆరుతుంటే చూసినట్టు.

ఆదివారం నాన్న దగ్గరికి, సెచోవ్ల్యె ఉప్పుమళ్లకి.
సరిహద్దు దగ్గర జవాను ఫొటో చూశాడు, నన్ను చూశాడు,
ఫొటోనే నమ్మి ముద్ర కొట్టాడు.
చలికాలం, మళ్లల్లో పని లేదు,
వాననీళ్లు నిలిచి ఉన్నాయి.
తలుపు కొట్టాను.
‘ఎవరది?’
‘నేనే.’
గడియ తీస్తూ, ‘మీ అమ్మేమో అనుకున్నా, అదే గొంతు’ అన్నాడు.
అమ్మ పోయి ఏడేళ్లు.
నేనేం దిద్దలేదు. కోటు కొక్కేనికి తగిలించాను.

ఆ రాత్రి సూప్‌లో ఉప్పు రెండుసార్లు పడింది.
ఎవరు వేశారంటే
ఇద్దరమూ ఒకేసారి
‘నేనే’ అన్నాం.