మణికట్టు మీద అడవి

డెల్మర్ స్టాగ్స్‌డిల్‌కి చెవులు పోయాయి. పూర్తిగా కాదు.
సన్నటివి ముందు వెళ్ళిపోయాయి:
కీచురాళ్ళు, కెటిల్ ఈల, మనవరాలి గుసగుస.
ముప్పయ్యొక్క ఏళ్ళు రంపం మిల్లు
జీతంలో కోసుకున్నది అది.

లావు శబ్దాలు ఇంకా ఉన్నాయి.
ఓజార్క్ కొండల్లో, ఏప్రిల్ చీకట్లో
ఆయన గుడ్లగూబలా కూస్తే
సికమోర్ కొమ్మ మీది అడవి టర్కీ పుంజు
ఉలిక్కిపడి జవాబిస్తుంది: గళగళగళగళ!
"కోపం కాదు, వలపూ కాదు.
తుమ్ము లాంటిది. ఆపుకోలేదు పాపం."

మిగతాదంతా కోరలీ వింటుంది,
పదకొండేళ్ళది, ఆయన మణికట్టు మీద వేలితో చెబుతుంది.
ఒక్క తట్టు, టక్: నేనిక్కడ, నువ్వెక్కడ?
వేలు లాగి వదిలితే పెట్ట కూత,
పైన తేటగా మొదలై కింద గరుకుగా వాలేది.
అరచెయ్యి ఆనించి వణికిస్తే గుర్రు,
మేత దొరికిన గుర్రు.
"అదే గుర్రు బిగుసుకుంటే?"
"దెబ్బలాట. మీ అమ్మా పిన్నీ లేరూ?
మాట అదే, జీర మారుతుంది."

ఆయన చేతిలో దేవదారు పెట్టె,
సుద్ద రాసిన మూత.
మూత జరిపితే లేని పెట్ట పలుకుతుంది.
ఆ అబద్ధానికి ఎన్ని పుంజులు నడిచొచ్చాయో
అడుగున పెన్సిల్ గీతలున్నాయి.

ఒకసారి మెడ మీద పాకుతున్న పిడుదును
కోరలీ దులుపుకుంది, అంతే.
పట్!
ఆకుల్లో ఎవరూ లేరు.
"అది టక్కే కదా తాతా?"
"టక్ అంటే తలుపు తట్టడం.
ఇది మొహం మీద తలుపు వెయ్యడం."

అక్టోబరులో, ఓక్ ఆకులు రాలుతుంటే
"ఇవాళ అడవి మూగది," అన్నాడాయన.
కోరలీకి వినిపిస్తూనే ఉంది.
ఈల కాదు, ఏడుపూ కాదు.
దానికి మణికట్టు మీద గుర్తు లేదు.
ఆమె పుట్టకముందే ఆయన చెవుల్లోంచి పోయిన కూత,
నేర్పడం మరిచాడు.
గోటి కొనతో పైకి గీసింది,
ఒకటి, ఇంకొకటి, ఇంకా పైకి ఇంకొకటి.

ఆయన చాలాసేపు ఊరుకున్నాడు.
"కీ, కీ, కీ... మెట్లెక్కినట్టా? చివర విరిగిందా?"
"విరిగింది."
"ఈ ఏటి పిల్ల. మందలోంచి తప్పిపోయింది."

మూత పొడుగ్గా లాగాడు,
తల్లి పిలిచినట్టు, మళ్ళీ మళ్ళీ, తొందర లేకుండా.
కోరలీ గోరు ఆగలేదు.
దగ్గర. ఇంకా దగ్గర.

పన్నెండు అడుగుల దూరంలో పొదలు విడిపోయాయి.
సన్నటి మెడ.
నోరు తెరుచుకుంది, మూసుకుంది,
తెరుచుకుంది.
ఆయన ఆ నోటినే చూస్తున్నాడు.
తుపాకీ మోకాళ్ళ మీద అడ్డంగా ఉంది.

"ఇంకా పిలుస్తోందా?"

కోరలీ గోరు ఆయన మణికట్టు మీద
పైకి వెళుతూనే ఉంది.