వస్తోంది

జిల్లా ఆఫీసు పంపిన పట్టికలో మూడే గళ్ళు:
వచ్చింది, వస్తోంది, రాలేదు.
వాటి పక్కన ఏడు పేర్లు.
స్వానేతి కొండల్లో ఒకటో తరగతంటే అంతే.
ఏడుగురు పిల్లలు, ఒక ఇనప పొయ్యి,
పొద్దున్నే ఎవరి చంకన వాళ్ళు తెచ్చే తలా ఒక కట్టె,
నేను.

నాటెలాకు ముప్ఫై మూడు అక్షరాలూ వచ్చాయి.
టిక్కు పెట్టాను.
పెట్టాక గమనించాను,
ఆ పిల్ల చదువుతున్నది పుస్తకాన్ని కాదు,
పక్కన తాసో పెదవుల్ని.
టిక్కు కొట్టేశాను.
మర్నాడు తాసోకి జ్వరం.
నాటెలా ఒక్కతే వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి,
మంచులో అడుగేసి చూసుకున్నట్టు
పంక్తి దాటింది.
ఈసారి పెన్సిల్‌తో పెట్టాను.

ఐవెంగో ఒక అక్షరాన్ని ఇప్పటికీ అద్దంలో చూసినట్టే రాస్తాడు.
పొట్ట ఇటుండాలిరా అంటే చెరుపుతాడు,
మళ్ళీ అటే రాస్తాడు, మళ్ళీ చెరుపుతాడు.
ఇవాళ కాగితం చిరిగింది.
ఆ చిరుగులోంచి ఒక కన్ను పెట్టి నన్ను చూశాడు.
దీనికి గడి లేదు.

ఉషంగికి లెక్కలు రావు.
మా భాషలో డెబ్భై ఏడంటే
మూడు ఇరవైల మీద పదిహేడు.
బోర్డు ముందు నిలబెడితే మూడూ పోతుంది, ఇరవైలూ పోతాయి,
ఎర్రబడ్డ చెవులు రెండే మిగుల్తాయి.
నిన్న గోడవార కట్టెలు పేరుస్తూ గొణుక్కుంటున్నాడు:
ఇదొక ఇరవై, ఇదొక ఇరవై...
"శుక్రవారం దాకా రావు టీచర్. పదకొండు తక్కువ."
వాడు బయటికెళ్ళాక నేను లెక్కపెట్టాను.
రెండుసార్లు.
పదకొండే.

ఇక ముష్ని.
ఇంట్లో అమ్మమ్మతో వాడిది స్వాన్ భాష.
బడిలో మాది జార్జియన్.
సెప్టెంబరులో రాలేదు అని రాశాను,
అక్టోబరులో అదే, డిసెంబరులో అదే.
చేతిరాత నాది కాబట్టి
తప్పు వాడిదేననిపించేది.
నేను కుతాయిసి నుంచి వచ్చి నాలుగేళ్ళు.
వాడి భాషలో నాకొచ్చిన మాటలు మూడు:
రొట్టె, మంచు, రా.
పట్టికలో నా పేరు లేదు గనక సరిపోయింది.

ఫిబ్రవరిలో కొండచరియ నుంచి మంచు జారి దారి మూసేసింది.
పై ఊరి నుంచి తొమ్మిది రోజులు ఎవరూ దిగలేదు.
హాజరు పుస్తకంలో ముష్ని పేరు ఎదురుగా
రాలేదు, రాలేదు, రాలేదు.
ఒకే మాట రెండు పుస్తకాల్లో రాస్తుంటే
నా చెయ్యి కొంచెం తడబడింది.

పదో రోజు వాళ్ళ నాన్న వెనకే నడిచొచ్చాడు.
మోకాళ్ళ దాకా తెల్లగా, చంకలో కట్టె.
నేను పొయ్యి ముందు గొంతుక్కూచుని
అగ్గిపుల్లలు ఒకటొకటీ పాడుచేస్తున్నాను.
వాడు కాసేపు చూశాడు.
"తడి ఉంది," అన్నాడు.

మాట జార్జియన్‌దే. చివర తగిలించిన తోక మాత్రం
వాళ్ళ అమ్మమ్మది.
ఎవరూ తలెత్తలేదు.
తాసో ఒక్కతే చేతి తొడుగు విప్పుతున్నది ఆగిపోయింది.
బాగా చెప్పావని అనబోయి మింగేశాను.
పొగడ్త వింటే పారిపోయే మాటలుంటాయి.
అందుకని, మామూలుగా,
ఎవరితోనైనా అన్నట్టే,
"మరి ఏం చేద్దాం?" అన్నాను.

భుజాలెగరేశాడు.
తన కట్టె నా చేతికిచ్చాడు.

ఏప్రిల్లో దారి తెరుస్తారు, ఇన్‌స్పెక్టర్ వస్తాడు,
ఏ తేదీన వచ్చిందీ అని అడుగుతాడు.
రాసుకోలేదు. సిరా గడ్డకట్టిందని చెబుతాను,
సగం నిజమే.

వాడిచ్చిన కట్టె కూడా తడిదే.
అంటుకోడానికి అరగంట పట్టింది.